ఐర్లాండ్ రాళ్ళని ఫోటో తీయాలంటే చలికాలంలో రండి

ఐర్లాండ్ చూడ్డానికి వచ్చే మనవాళ్ళు చాలామంది జూన్, జులైకే టికెట్లు బుక్ చేసుకుంటారు, ఇక్కడే ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు కూడా ఊళ్ళు తిరగడం అంటే వేసవి సెలవులే అనుకుంటారు. ఎండ ఉంటుంది, రాత్రి పదింటికి కూడా వెలుతురు ఉంటుంది, పిల్లలకి స్కూల్ ఉండదు, అన్నీ నిజమే. కానీ కెమెరా భుజాన వేసుకుని పాత రాళ్ళ కోసం, కూలిపోయిన మఠాల కోసం, ఆ కొండల కోసం వచ్చేవాళ్ళకి నేను ఒకటే చెప్తా, నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో రండి. ఐర్లాండ్ పడమటి తీరంలో ఉన్న గాల్వేలో ఉంటూ ఇన్నేళ్ళుగా సెలవు దొరికితే నేను చేసే పని ఇదే, నాకు బాగా నచ్చిన ఫోటోల్లో ఎక్కువ భాగం చలికాలంలో తీసినవే.

అసలు కారణం సూర్యుడు ఉండే ఎత్తు. మన వరంగల్ కోటలోనో లేపాక్షిలోనో డిసెంబర్‌లో కూడా మిట్టమధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీల దరిదాపుల్లో ఉంటాడు, అందుకే అక్కడ పొద్దున్నే కాసేపు, సాయంత్రం కాసేపు తీసుకుని మధ్యలో కెమెరా బ్యాగులో పెట్టేస్తాం. గాల్వే ఉన్నది 53 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. డిసెంబర్ 21 చుట్టుపక్కల ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఎక్కే ఎత్తు 13 డిగ్రీలు, అంతే. మన దగ్గర పొద్దు పొడిచిన ఓ గంటకి ఉండే ఎత్తు ఇక్కడ రోజు మొత్తంలో ఉండే గరిష్ఠం అన్నమాట. తొమ్మిది కావస్తుంటే వస్తాడు, నాలుగున్నర లోపే వెళ్ళిపోతాడు, పగలు చాలా చిన్నదే కానీ ఆ ఉన్న కాసేపూ వెలుగు పక్కనుంచే వస్తుంది, నెత్తిమీద నుంచి రాదు. ఫోటోగ్రాఫర్లు గోల్డెన్ అవర్ అని వెంటపడే వెలుతురు ఇక్కడ లంచ్ టైమ్‌లో కూడా ఉంటుంది. జూన్‌లో అదే సూర్యుడు మధ్యాహ్నానికి 60 డిగ్రీలకి వెళ్ళిపోతాడు, గోడలన్నీ చప్పగా, గడ్డి అంతా ఒకే పచ్చగా పడుతుంది.

ఇది అందానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఇక్కడి చెక్కడాలు వెయ్యేళ్ళుగా వానలో తడిసి అరిగిపోయి ఉన్నాయి, ఎదురుగా నిలబడి చూస్తే వట్టి రాయి కనిపిస్తుంది, పక్కనుంచి వెలుగు తగిలితే ఆ కొద్దిపాటి ఎత్తుపల్లాలకే నీడ పడి బొమ్మ బయటకొస్తుంది. ఇది బాగా తెలిసేది షానన్ నది ఒడ్డున ఉన్న క్లాన్మక్‌నాయిస్‌లో. ఆరో శతాబ్దంలో సెయింట్ కియరన్ పెట్టిన మఠం అది, చదువుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళట, ఇప్పుడు పైకప్పుల్లేని చిన్న చిన్న చర్చిలు, రౌండ్ టవర్లు, సమాధి రాళ్ళు మిగిలాయి. అక్కడి క్రాస్ ఆఫ్ ది స్క్రిప్చర్స్ అనే పెద్ద రాతి శిలువ పదో శతాబ్దం మొదట్లోది, మనిషికి రెండింతలకి పైగా ఎత్తు, నాలుగు వైపులా గళ్ళు గళ్ళుగా బైబిల్ కథలు చెక్కి ఉంటాయి. వానకి ఇంకా అరిగిపోకుండా అసలు శిలువని 1990లలో లోపల మ్యూజియంలోకి మార్చి బయట అదే చోట నకలు నిలబెట్టారు. ల్యాండ్‌స్కేప్‌లో పెట్టి తీయాలంటే నకలునే తీయండి, తప్పేం లేదు, కానీ చెక్కడం దగ్గరగా తీయాలంటే లోపలికెళ్ళి అసలుదాని ముందు నిలబడండి. చలికాలంలో షానన్ పొంగి పక్కనున్న పచ్చికబయళ్ళన్నీ మునిగిపోతాయి, అప్పుడు మఠం అంచుదాకా నీళ్ళే, పైన తేలికగా పొగమంచు. బస్సుల్లో వచ్చేవాళ్ళు సాధారణంగా మెయిన్ గేటు లోపల చూసి వెళ్ళిపోతారు, పాత దారి వెంట కాసేపు నడిస్తే నన్స్ చర్చ్ ఉంటుంది, దాన్ని 1167లో డెర్వోర్గిల్లా అనే రాణి పూర్తి చేయించింది. దాని ఆర్చ్‌ల మీద జిగ్‌జాగ్ చెక్కడాలు, మధ్యలో చిన్న చిన్న తలలు, అది చూడకుండా వచ్చేస్తే మాత్రం నాకు నిజంగా బాధేస్తుంది.

వాన సంగతి కూడా చెప్పాలి ఎందుకంటే అందరూ భయపడేది దానికే. యాప్‌లో రోజంతా వాన బొమ్మ ఉందని ఇంట్లో కూర్చోవద్దు. అట్లాంటిక్ మీద నుంచి జల్లులు వరసగా వస్తుంటాయి, ఒక జల్లుకీ ఇంకో జల్లుకీ మధ్య సందు ఉంటుంది, ఇక్కడి వాతావరణ శాఖ మెట్ ఎరన్ వాళ్ళ రెయిన్ రాడార్ చూసుకుంటే ఆ సందు ఎప్పుడొస్తుందో ముందే తెలుస్తుంది. అప్పుడే తడిసిన గోడ, దాని మీద పక్కనుంచి ఎండ, వెనక వెళ్ళిపోతున్న నల్ల మబ్బు, ఐర్లాండ్ అంటే నాకు ఆ ఫ్రేమే. ఇంకో మాట, సూర్యుడు 42 డిగ్రీల కన్నా కిందుంటేనే నేల మీద ఉన్నవాళ్ళకి ఇంద్రధనుస్సు కనిపిస్తుంది, జూన్‌లో మధ్యాహ్నం పూట ఎంత వాన పడ్డా రాదు, డిసెంబర్‌లో అయితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏ టైమ్‌లోనైనా రావచ్చు, పైగా సూర్యుడు బాగా కిందుంటాడు కాబట్టి దాదాపు అర్ధచక్రం మొత్తం కనిపిస్తుంది. సూర్యుడికి వీపు పెట్టి నిలబడి శిథిలం ఎదురుగా వచ్చేలా ముందే చోటు చూసి పెట్టుకోవాలి, వచ్చాక పరిగెత్తితే దొరకదు, అది నిమిషాల్లో పోతుంది.

ఇప్పుడు నేను ప్రాణం పెట్టే చోటు, బరెన్. గాల్వే నుంచి తీరం వెంట దక్షిణంగా దిగితే క్లేర్ కౌంటీలో మొదలవుతుంది. కొండలకి కొండలే బూడిదరంగు సున్నపురాయి, 30 కోట్ల ఏళ్ళకి పైబడిన వెచ్చని సముద్రం అడుగు అది, తర్వాత హిమానీనదాలు పైనున్న మట్టిని గీకేసి వెళ్ళాయి, వాననీళ్ళు రాతిని కరిగించి నిలువునా పగుళ్ళు చేశాయి. నేల అంతా పలకలు పలకలుగా, మధ్యలో లోతైన సందులు. 1651లో ఐర్లాండ్ మీదికి దండెత్తిన ఇంగ్లీషు నాయకుడు క్రామ్‌వెల్ సైన్యంతో ఇటు వచ్చిన ఎడ్మండ్ లడ్లో అనే జనరల్ ఇక్కడ మనిషిని ముంచడానికి నీళ్ళు లేవు, ఉరి తీయడానికి చెట్టు లేదు, పూడ్చడానికి మట్టి లేదు అని రాశాడు. ఈ ముక్క ఇక్కడ అందరికీ కంఠస్థం. కానీ ఆ వెంటనే అతనే ఇంకో మాట కూడా రాశాడు, అయినా ఇక్కడి పశువులు బాగా బలిసి ఉన్నాయి, రాళ్ళ మధ్య మొలిచే గడ్డి అంత తియ్యగా, బలంగా ఉంటుంది అని. బరెన్ ఏంటో అర్థం కావాలంటే ఆ రెండో సగం కావాలి.

మామూలుగా కొండ ప్రాంతాల్లో పశువుల్ని వేసవిలో పైకి తోలి చలికి కిందికి దించుతారు. బరెన్‌లో రివర్స్. అక్టోబర్ ఆఖర్లో ఆవుల్ని కొండమీదికి ఎక్కిస్తారు, చలికాలమంతా అవి పైనే ఉంటాయి, ఎందుకంటే వేసవి వేడిని ఆ రాయి దాచుకుని మెల్లగా వదులుతుంది, నీళ్ళు నిలవవు కాబట్టి పడుకోవడానికి పొడి నేల ఉంటుంది. దీన్ని వింటరేజ్ అంటారు, అక్టోబర్ బ్యాంక్ హాలిడే వీకెండ్‌లో ఊరంతా కలిసి ఆవుల వెంట కొండెక్కే పండగ కూడా ఉంది, ఆ రోజు ఎవరైనా వెళ్ళొచ్చు, కెమెరా ఉన్నవాళ్ళు తప్పక వెళ్ళాలి. చలికాలంలో ఆవులు ముదురు గడ్డి అంతా మేసేస్తాయి కాబట్టే వసంతంలో చిన్న పూలకి వెలుతురు తగిలి పైకొస్తాయి. ఆర్కిటిక్ చల్లదనంలో పెరిగే మొక్కా మధ్యధరా సముద్రం పక్కన పెరిగే మొక్కా ఒకే పలక సందులో కనిపించేది ఇక్కడే. పూలే తీయాలంటే మాత్రం మే నెలలో రావాలి, స్ప్రింగ్ జెన్షియన్ నీలం ఏ స్క్రీన్ మీదా సరిగ్గా రాదు, చూడాల్సిందే.

పుల్నబ్రోన్ డోల్మెన్ గురించి చెప్పకుండా బరెన్ గురించి రాయలేను. నిలువు రాళ్ళ మీద వాలుగా పెట్టిన ఒక పెద్ద బల్లరాయి, ఐర్లాండ్ పోస్టర్ల మీద మీరు చూసే ఉంటారు. 1986లో పురావస్తు శాస్త్రవేత్త ఆన్ లించ్ ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది, లోపల ముప్పైమందికి పైగా మనుషుల ఎముకలు దొరికాయి, పెద్దలూ పిల్లలూ, క్రీ.పూ. 3800 నుంచి కొన్ని వందల ఏళ్ళ పాటు పెట్టుకుంటూ వచ్చినవి. బరువులు మోసి మోసి మెడ ఎముకలు అరిగిపోయినవాళ్ళున్నారు, తుంటి ఎముకలో రాతి బాణం ములుకు ఇరుక్కుని ఉన్న మనిషి ఉన్నాడు. 2020లో వచ్చిన డీఎన్‌ఏ పరిశోధనలో అక్కడి ఒక పసిబిడ్డకి డౌన్ సిండ్రోమ్ ఉందని, తల్లిపాలు తాగిన బిడ్డ అని తేలింది. అయిదున్నర వేల ఏళ్ళ కిందట ఆ బిడ్డని అందరితో పాటు ఆ రాళ్ళ కింద, అంత గౌరవమైన చోట పెట్టారు. ఇది చదివాక నేను ఆ ఫోటో తీసే పద్ధతే మారిపోయింది. ఇదివరకు ఆకాశం మీద నల్లటి ఆకారం లాగా సిల్హౌట్ తీసేవాణ్ణి, ఇప్పుడు వంగి, ఆ బల్లరాయి కిందున్న ఖాళీ కనిపించేలా, అక్కడ కొంచెం వెలుగు పడే టైమ్ చూసి తీస్తా. అది ఒక సమాధి అని ఫోటోలో తెలియాలి.

చుట్టూ తాడు కట్టి ఉంటుంది, దాటొద్దు. తాడు ఇవతల నుంచే 24 ఎంఎం దగ్గర లెన్స్‌తో, కెమెరాని మోకాలి ఎత్తుకి దించి తీస్తే ముందు పలకల పగుళ్ళన్నీ గీతల్లాగా రాయి వైపుకి వెళ్తాయి. ఇంకో విషయం చేతులెత్తి దణ్ణం పెట్టి చెప్తున్నా, అక్కడ చిన్న రాళ్ళు పేర్చి బొమ్మ డోల్మెన్లు కట్టొద్దు. టూరిస్టులు సరదాకి పీకే ఒక్కో పలకా ఆ నేలలో భాగం, దాని కింద ఉండే మొక్కలూ పురుగులూ పోతాయి, వాటిని విడదీసి మళ్ళీ సర్దడం ఇక్కడి వాలంటీర్లకి ఎడతెగని పని అయిపోయింది.

బరెన్‌లో ల్యాండ్‌స్కేప్ కోసం నేను వెళ్ళేది మల్లామోర్ కొండకి. పొరలు పొరలుగా మెలితిరిగిన రాతి కొండ, కింద ఒక చెరువు. ఇలాంటి చెరువుల్ని ఇక్కడ టర్లాక్ అంటారు, వీటిలోకి వాగులు వచ్చి చేరవు, భూగర్భ జలం పెరిగితే నేల సందుల్లోంచి నీళ్ళు పైకొస్తాయి, తగ్గితే అదే సందుల్లోంచి దిగిపోతాయి. వేసవిలో వెళ్తే చాలాచోట్ల పచ్చిక బయలు మాత్రమే ఉంటుంది, చలికాలంలో అక్కడే నిండు చెరువు, నీళ్ళు ఎంతవరకు వచ్చేవో అంతవరకు రాళ్ళమీద నల్ల నాచు గీత కూడా కనిపిస్తుంది. ఇక్కడ ఫ్రేమ్‌లో ఒక్క బిల్డింగ్ కూడా పడదు, అది ఊరికే జరగలేదు. 1990లలో ప్రభుత్వం ఈ కొండ పక్కనే విజిటర్ సెంటర్ కట్టడం మొదలుపెట్టింది, స్థానికుల్లో కొందరు ఉద్యోగాలొస్తాయని కావాలన్నారు, కొందరు వద్దని కోర్టుకెళ్ళారు, ఏళ్ళ తరబడి ఊళ్ళే రెండుగా చీలిపోయాయి, చివరికి అనుమతి రాలేదు, కట్టిందంతా తీసేసి నేలని మళ్ళీ మామూలుగా చేశారు. ఉద్యోగాల కోసం అడిగినవాళ్ళది తప్పని నేను అనలేను. కానీ ట్రైపాడ్ పెట్టిన ప్రతిసారీ ఆ వద్దన్నవాళ్ళకి మనసులో థాంక్స్ చెప్పుకుంటా.

పొడిగా ఉన్న సున్నపురాయి బాగా తెల్లగా ఉంటుంది, కెమెరా మీటర్ దాన్ని చూసి ఫోటోని చీకటి చేసేస్తుంది, కొంచెం ఎక్స్‌పోజర్ పెంచాలి. తడిస్తే అదే రాయి నల్లబడి ఆకాశాన్ని అద్దంలా చూపిస్తుంది, అప్పుడు లెన్స్‌కి పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) పెట్టి సగం తిప్పితే చాలు, మొత్తం తిప్పితే తడి అంతా పోయి రాయి చచ్చుగా అయిపోతుంది. మబ్బు అంచులు కాలిపోకుండా RAW ఫార్మాట్‌లో (కెమెరా పట్టిన వివరమంతా ఉంచే ఫైల్) తీసి నీడల్ని తర్వాత లేపుకోండి. ఎడిటింగ్‌లో పచ్చరంగు స్లైడర్ జోలికి అసలు వెళ్ళకండి, చలికాలం గడ్డిలో గోధుమ, తుప్పు రంగు, ఊదా అన్నీ ఉంటాయి, పచ్చ పెంచగానే అవన్నీ చచ్చిపోతాయి. గాలి విపరీతం కాబట్టి ట్రైపాడ్ కాళ్ళు తక్కువ ఎత్తులో పెట్టి బ్యాగు వేలాడదీయాలి, లెన్స్ తుడుచుకోవడానికి గుడ్డలు జేబులో నాలుగైనా ఉండాలి, బూట్లు చీలమండ పట్టేవి కావాలి ఎందుకంటే తడి పలకల సందులో కాలు పడితే విరుగుతుంది. పరికరాల గురించి ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

పొలాల సంగతి ముఖ్యం. ఐర్లాండ్‌లో భూమి ఎక్కువ భాగం రైతులది, మ్యాప్‌లో కోట గుర్తు ఉన్నంత మాత్రాన గేటు దూకి వెళ్ళే హక్కు ఎవరికీ లేదు. ఇల్లు కనిపిస్తే వెళ్ళి అడగండి, నాకైతే అడిగిన చోట సాధారణంగా సరే అన్నారు, పైగా ఆ రాయి గురించి వాళ్ళ తాత చెప్పిన కథ కూడా చెప్తారు. తీసి ఉన్న గేటు తీసే ఉంచాలి, మూసి ఉన్నది మళ్ళీ మూయాలి. ఎద్దు ఉందని బోర్డు ఉంటే నమ్మండి. ప్రభుత్వం చూసుకునే స్మారకాల దగ్గర పర్మిషన్ లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు.

పొలాల మధ్యలో గుండ్రటి మట్టి గట్లు కనిపిస్తాయి, రింగ్‌ఫోర్ట్స్, ఇవి దేశం మొత్తం మీద వేలల్లో ఉన్నాయి, వెయ్యేళ్ళ కిందటి రైతుల ఇళ్ళ చుట్టూ కట్టుకున్న గోడలవి, కానీ వాటిలో ఫెయిరీలు (ఇక్కడి జానపద కథల్లోని మాయా జీవులు) ఉంటారని ఇప్పటికీ చెట్టు కూడా కొట్టరు. 1999లో క్లేర్‌లోనే రోడ్డు వేస్తుంటే లటూన్ దగ్గర ఒక ముళ్ళచెట్టు అడ్డొచ్చింది, జానపద కథలు చెప్పే ఎడ్డీ లెనిహన్ అది ఫెయిరీల చెట్టు, కొట్టొద్దు అని పత్రికలకెక్కాడు, ఆ చెట్టుని వదిలేసే రోడ్డు వేశారు. పవిత్ర బావుల దగ్గర చెట్లకి గుడ్డపీలికలు కట్టి ఉంటాయి, మన ఊళ్ళో అమ్మవారి చెట్టుకి ముడుపు కట్టినట్టే, ఎవరికో జ్వరం తగ్గాలని, ఎవరికో బిడ్డ పుట్టాలని. మోహర్ కొండచరియలకి దగ్గరలో లిస్కానర్ ఊరి పక్కన సెయింట్ బ్రిజిడ్ బావి ఉంది, సన్నటి దారి లోపల గోడలంతా జపమాలలు, ఉత్తరాలు, చనిపోయినవాళ్ళ ఫోటోలు. అక్కడ నేను రాతి దారినీ నీళ్ళనీ తీస్తా, ఆ ముఖాల్నీ పేర్లనీ తీయను. ఫిబ్రవరి 1 బ్రిజిడ్ రోజు, ఇక్కడివాళ్ళకి వసంతం ఆ రోజే మొదలు, ఎవరైనా ప్రార్థన చేసుకుంటుంటే కెమెరా కిందికి దించి పక్కకి తప్పుకోండి.

అసలు ఈ రాళ్ళు పేర్చినవాళ్ళు కూడా చలికాలం వెలుగుని కనిపెట్టుకుని కూర్చున్నవాళ్ళే. బోయిన్ నది లోయలోని న్యూగ్రేంజ్ అనే పెద్ద సమాధి దిబ్బ క్రీ.పూ. 3200 ప్రాంతంలో కట్టింది, డిసెంబర్ 21 దగ్గరి రోజుల్లో పొద్దు పొడవగానే వాకిలి పైనున్న చిన్న కిటికీలోంచి ఎండ 19 మీటర్ల సొరంగం దాటి లోపలి గదిలోకి వెళ్ళి 17 నిమిషాలు ఉంటుంది. 1967లో అక్కడ తవ్వకాలు చేసిన ప్రొఫెసర్ ఓ'కెల్లీ లోపల కూర్చుని చూసి అందరికీ చెప్పాడు. లోపల ఫోటోలు తీయనివ్వరు, అది మంచిదే అంటాను, ఆ గదిలో కళ్ళకే పని. బయట వాకిలి ముందున్న రాతి మీద సుడులు సుడులుగా చెక్కి ఉంటుంది, దాన్ని తీయండి. ఇలాంటి చెక్కడాల్ని కెన్ విలియమ్స్ అనే ఫోటోగ్రాఫర్ ఫ్లాష్‌ని కెమెరాకి దూరంగా పక్కన పెట్టి తీస్తాడు, కంటికి ఆనని గీతలు కూడా అందులో కనిపిస్తాయి. చలికాలం సూర్యుడు ఊరికే ఇచ్చేదాన్ని ఆయన చీకట్లో తయారుచేస్తాడు.

వేసవికి కూడా ఒక్క మార్కు వేయాలి మరి. 2018 జులైలో విపరీతంగా ఎండలు కాసి గడ్డి ఎండిపోయింది, అప్పుడు ఇదే కెన్ విలియమ్స్, ఆంథనీ మర్ఫీ ఇద్దరూ న్యూగ్రేంజ్ దగ్గర పొలాల మీద డ్రోన్ ఎగరేస్తే ఎండిన పైరులో పచ్చటి గుండ్రటి గీతలు కనిపించాయి, అంతకుముందు ఎవరికీ తెలియని పెద్ద వలయం, వేల ఏళ్ళ కిందట పాతిన స్తంభాల గుంతల్లో తేమ మిగిలి అక్కడి పైరు మాత్రం పచ్చగా నిలిచింది. అలాంటి కరువు మళ్ళీ వస్తే జులైలోనూ వెళ్తా.

ఒక్కరోజే టైమ్ ఉందంటే నా లెక్క ఇది. కారు తప్పనిసరి. పొద్దున గాల్వే నుంచి కిన్‌వారా మీదుగా బెల్‌హార్బర్ వైపు వచ్చి ముందు కార్కమ్రో అబ్బే అనే పాత మఠం చూడండి. పదమూడో శతాబ్దం మొదట్లోది, స్తంభాల తలల మీద పూలూ ఆకులూ చెక్కారు, లోపల గోడ గూట్లో 1268లో చనిపోయిన ఓ'బ్రయన్ రాజు రాతి బొమ్మ పడుకుని ఉంటుంది. చుట్టూ కొండలు కాబట్టి ఎండ కాస్త ఆలస్యంగా వస్తుంది, తొందరపడొద్దు. కప్పులేని హాల్లోనూ చుట్టూరా సమాధులున్నాయి, కొన్ని కొత్తవి, తాజా పూలతో, అడుగు చూసి వేయండి. అక్కణ్ణుంచి బాలీవాన్ మీదుగా మధ్యాహ్నానికి పుల్నబ్రోన్, అది దాటి ముందుకెళ్తే లెమనే కోట ఉంది, అది ప్రైవేటు, రోడ్డు మీద నుంచే కిటికీల్లోంచి ఆకాశం కనిపించేలా తీసుకోండి. మూడింటికల్లా మల్లామోర్ చేరిపోవాలి, నాలుగున్నర లోపే సూర్యుడు వెళ్ళిపోతాడు. ఫ్లాస్కులో టీ, టార్చి లైటు, ఫుల్ ఛార్జ్ ఉన్న ఇంకో బ్యాటరీ మర్చిపోవద్దు, చలికి బ్యాటరీ చాలా త్వరగా దిగిపోతుంది.